తీపి నీళ్ళు పోయని మట్టి

వాన లేని రోజు 3196

దిగువ వరస ఏడో అర గోడలోంచి ఇవాళ మట్టి తీశాను. మట్టి తొలిచే బరమా మూరెడు దిగేసరికి చేతులు పట్టుకుపోయాయి. రేగడి ఎండిపోయి రాయిలా ఉంది. గోడలో వేలు దూరేంత బీట ఒకటి కొత్తగా కనిపించింది. పోయిన వారం లేదు. లేదనే అనుకుంటున్నాను. ఉన్నా నేను చూడలేదేమో. అందుకే రాసి పెడుతున్నాను.

జాన్‌సైదా ఈ పుస్తకం ఇచ్చినప్పుడు, అంకెలు ఒక్కటే కాదు పెద్దమ్మా, చూసిందీ చేసిందీ కూడా రాయమన్నాడు. ఎండకి తాళలేక నేల కింద అరలు తవ్వుకున్న మా గరుగుపేటకి అతను పెద్ద. నెలాఖరున ఒకసారి చదువుతాడు. నేను నాలుగో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే దిద్దుకోండి.

ఆ అరలో ఏసోబు మంచం గోడవారనే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఒకప్పుడు నాపరాయి కొట్టినవాడు. నేను బరమా తిప్పుతుంటే పడుకునే చూస్తాడు.

"ఏం నాసరమ్మా, గోడ నా గురించి ఏమన్నా అడిగిందా?"

"గోడ సంగతి కాదు, ఈ బీట ఎప్పుడు పుట్టింది?"

"నాకంటే చిన్నదే. దాని బెంగ నీకెందుకు?"

ఆయన కూతురు సువార్తమ్మ అరల్లోకి చల్లగాలి తెచ్చే గాలి గొట్టాల పని చేస్తుంది. "అత్తా, మా అయ్యని నవ్వించకు, నవ్వితే దగ్గొస్తది" అని కేకేసింది.

మట్టి ఆరాక దంచి, జల్లించి, నీళ్ళు కలిపి, ఇత్తడి గిన్నెలో మెత్తి నడిమికి గీత గీశాను. గిన్నెని టకటకా కొడితే ఇరవై అయిదో దెబ్బకి గీత పూడాలి. ఆ మట్టిలో ఎంత నీరుందో అదే ఎల్లెల్. తర్వాత అద్దం పలక మీద అరచేత్తో పోగు చెయ్యాలి. చీపురుపుల్ల మందానికి వచ్చేసరికి పోగు బీటలిచ్చి విరగాలి. అది పీయెల్. ఈ పోగు పని యంత్రానికి రాలేదు, ఎన్నిసార్లు తెచ్చి చూశారో. అరచేతికే తెలుస్తుంది.

ఎల్లెల్ 58. పీయెల్ 26. వీటితోపాటు గోడలో తేమా, ఎండు బరువూ కూడా లెక్కలు కట్టే పెట్టెలో నొక్కితే అది అంచనా కట్టింది. తడిస్తే మట్టి ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బు గోడని లోపలికి ఎంత నెడుతుందో చెప్పింది. బొటనవేలి గోరంత చోటు మీద ఒకటిన్నర కిలోల పైన ఇంకో వంద గ్రాములు. గోడలకి దన్నుగా వేసిన ఇనుప కట్లు రెండున్నర దాకా ఆపుతాయి. ఎనిమిదేళ్ళుగా అటూ ఇటూగా ఇదే అంకె.

మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, సముద్రం మీద పెద్ద వాయుగుండం పుట్టిందట. పదకొండు రోజుల్లో మా మీదికి. మూడు రోజులు ఆగకుండా వానట. పేట పేటంతా అరుపులు. ముసలివాళ్ళు ఏడ్చారు. వాన అంటే ఏమిటని పిల్లలు అడిగితే, జల్లెడలోంచి ఉప్పటి చౌడు నీళ్ళు పోసి చూపించారు.

నేను మాత్రం వెళ్ళి ఏడో అర బీటలో మళ్ళీ వేలు పెట్టి చూశాను. ఎందుకో తెలియదు. దిగువ వరస తవ్వాక వాన పడలేదు.

వాన లేని రోజు 3198

దిగువ వరస చివర సామాన్ల కొట్టు ఉంది. ఆ గోడ వెనకగా తీపి నీళ్ళ గొట్టం పోతుంది. దాని అతుకు వదిలి నాలుగు రోజులుగా కారుతున్నట్టుంది, ఎవరికీ తెలియలేదు. ఇవాళ తలుపు రాలేదు. నలుగురు తోస్తే వచ్చింది. లోపల కట్టు ఒకటి లోపలికి వంగిపోయి ఉంది. గోడ బొజ్జలా ముందుకొచ్చింది.

జాన్‌సైదా వచ్చి చూసి, వెల్డింగు పాడైందన్నాడు. పోయిన నీళ్ళు పాతిక లీటర్ల దాకా ఉంటాయని తల పట్టుకున్నాడు. తల ఒక్కింటికి రోజుకి రెండు లీటర్లే తీపి నీళ్ళు మాకు. ఆడవాళ్ళు కొందరు తడిగోడని తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నారు. తీపి నీళ్ళు నేలపాలైతే అట్లా అద్దుకోవడం మా అలవాటు.

చౌడు నీళ్ళ గొట్టం ఇదే వరసలో మూడుసార్లు పగిలింది. ఒకసారి వారం పైన కారింది. గోడ కాస్త ఉబ్బింది, కట్లు ఆగాయి. అప్పుడు పెట్టె చెప్పిన లెక్కకి సరిపోయిందని జాన్‌సైదా నా భుజం తట్టాడు.

ఇప్పుడు నాలుగు రోజులకే కట్టు వంగింది.

కొట్టులోంచి బయటికొచ్చాక చాలాసేపు నడవాలో నిలబడిపోయాను. నా చెల్లెలు గురవమ్మ తన అర గుమ్మంలో కూర్చుని తాడు పేనుతోంది. "ఏందక్కా, దెయ్యాన్ని చూసినట్టున్నావు" అంది. ఏమీ లేదన్నాను.

వాన లేని రోజు 3199

ఇది రాయాలా వద్దా అని పొద్దుటి నుంచీ పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నెలాఖరుకి గాని జాన్‌సైదా చదవడు. అప్పటికి వాన వచ్చి పోయి ఉంటుంది.

ఎనిమిదేళ్ళ క్రితం కొలతల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి పదిరోజులుండి నాకీ పని నేర్పింది. మట్టిలో తీపి నీళ్ళే కలపాలమ్మా అని పదిసార్లు చెప్పింది. దానికోసం రోజుకి లీటరు నా పేరు మీద రాయించి పోయింది. ఎందుకు తీపి నీళ్ళే అని నేను అడగలేదు. అడిగితే చదువు రానిదని అనుకుంటుందని.

ఆ అమ్మాయి వెళ్ళిన మర్నాడు చెంబుతో తీపి నీళ్ళు పట్టుకుని మట్టి ముందు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఆ వారమే పేటలో ఒక బాలింత, పాలు పడక బిడ్డ ఏడుస్తుంటే, ఇంకో గుక్కెడు నీళ్ళుంటే బాగుండునంటూ ఉంది. లీటరు మట్టిలో పోసి పారేయడం ఎట్లా? ఆ నీళ్ళు తీసుకెళ్ళి దానికిచ్చాను. మట్టికి చౌడు నీళ్ళు బట్టలో వడగట్టి పోశాను. తేటగానే ఉన్నాయి. మట్టికి రుచి ఏం తెలుస్తుందనుకున్నాను.

ఆ రోజు నుంచీ అంతే. ఎవరు పురుడు పోసుకున్నా నా లీటరు వాళ్ళకే పోయేది. పదహారు మంది బాలింతలు. పురుళ్ళు లేనప్పుడు జబ్బు పడ్డవాళ్ళకి. ఒక్క చుక్క నేను తాగలేదు. ఒక్క చుక్క మట్టిలో పోయలేదు.

దిగువ వరస తవ్వింది నేనిచ్చిన మొదటి అంకె చూసే. ఎగువ వరస గులకరాళ్ళ గరుగు నేలలో ఉంది, అది ఉబ్బదు. కానీ అక్కడ చోటు చాలక రేగడిలోకి దిగారు. రేగడి మంచిదేనని పెట్టె చెప్పింది, పెట్టెకి నేను చెప్పాను. ఇవాళ దిగువ వరసలో నలభై ఒక్క మంది ఉన్నారు. నేనూ, నా చెల్లెలూ అందులోనే.

వాన నీళ్ళు తీపి నీళ్ళే కదా.

రెండు గాజు గొట్టాలు కడిగి ఆరబెట్టాను. జల్లించిన మట్టి రెండింటిలోనూ పది గీతల దాకా పోశాను. ఒకదాంట్లో చౌడు నీళ్ళు నింపాను. రెండోదాంట్లో ఇవాళ నా వాటాకి వచ్చిన తాగే నీళ్ళు. పోసేటప్పుడు కొంచెం బల్ల మీద ఒలికాయి. అద్దుకున్నాను.

వాన లేని రోజు 3200

చౌడు నీళ్ళ గొట్టంలో మట్టి పద్నాలుగో గీతకి వచ్చి ఆగింది. తీపి నీళ్ళ గొట్టంలో ఇరవై మూడు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. గొట్టాలు తారుమారయ్యాయేమోనని పై నీళ్ళు నాలుకకి తాకించి చూశాను. తారుమారు కాలేదు.

గురవమ్మని పిలిచాను. దానికి మోకాళ్ళ నొప్పులు, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి ఆయాసం.

"ఇంకో బెంగా అక్కా? గొట్టం కారితే బెంగ, కారకపోతే బెంగ. పోయిన నెల చీమలు గోడలోంచి బయటికొస్తున్నాయని పేటంతా లేపావు."

"ఈసారి బెంగ కాదు గురవా. చూడు."

చూసింది. రెండు గొట్టాల మీదా వేలు పెట్టి గీతలు లెక్కపెట్టింది. సంగతంతా చెప్పాను. అది నవ్వుతుందేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు.

"ఈ మాట ఇంకెవరికన్నా తెలుసా?"

"నీకే."

"అయితే నోరు మూసుకో. ఎనిమిదేళ్ళ అంకెలు తప్పని తెలిస్తే నిన్ను పేటలో ఉండనిస్తారా? ఈ ఎండలో ఎక్కడికి పోతావు, ఈ వయసులో?"

"మరి గోడలు?"

"మొన్న ఒక్క కట్టే కదా వంగింది, విరగలేదుగా. ఆగుతాయిలే."

దాని మాట నమ్మాలని ఉంది నాకు.

వాన లేని రోజు 3201

నీళ్ళ గదికి వెళ్ళి ఇవాళ్టి లీటరు తెచ్చాను. దారిలో చంటిబిడ్డ తల్లి ఒకత్తి ఎదురొచ్చి నా చెంబు వంక చూసింది. ఈ నెల నా నీళ్ళు తనకే. ఇవాళ ఇవ్వలేనన్నాను. నవ్వి, సరే అత్తా అంది. అట్లా అనకపోతే బాగుండేది.

తీపి నీళ్ళతో ఏడో అర మట్టి మొదటి నుంచీ చేశాను. ఎల్లెల్ 86. పీయెల్ 29. పోగు అరచేతి కింద వేరేగా ఉంది. జారుతుంది, సాగుతుంది, విరగనంటుంది. ఎనిమిదేళ్ళలో ఈ మట్టిని ఇట్లా ఎప్పుడూ ముట్టుకోలేదు.

పెట్టె అంచనా: మూడు కిలోల మూడు వందలు. కట్లు ఆపేది రెండున్నర. మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ అంతే.

వాన లేని రోజు 3202

చెప్పేశాను.

జాన్‌సైదా వాన నీళ్ళు పట్టే పరదాలు కుట్టిస్తున్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెద్దమ్మా, గొట్టం గురించా, చీమల గురించా?"

"దిగువ వరస గోడలు వానకి ఆగవు. ఇది ఆ బాపతు కాదు నాయనా."

"ఆ మాట ప్రతిసారీ అంటావు. నీ అంకెలే చెబుతున్నాయిగా ఆగుతాయని."

"నా అంకెలే తప్పు."

గొట్టాలు ముందుంచాను. అతను వాటిని ఎత్తి చూసి, కింద పెట్టి, నా మొహంలోకి చూశాడు. "ఇన్నేళ్ళూ మట్టికి ఏ నీళ్ళు పోశావు?" అన్నాడు మెల్లగా. నేను చెప్పాను. ఎవరికి ఏ నీళ్ళిచ్చానో అంతా చెప్పాను.

తిడతాడనుకున్నాను. లేచి అటు తిరిగి నిలబడ్డాడు. "మా ఆడమనిషి కూడా తాగిందా?" అన్నాడు.

"రెండు పురుళ్ళకీ."

గిన్నె, పలక, మట్టి నా చేతిలోంచి తీసుకుని తనే మొదలుపెట్టాడు. పోగు చెయ్యడం రాక ఆరుసార్లు పాడుచేశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. చివరికి అతనికి ఎల్లెల్ 84, పీయెల్ 30 వచ్చాయి. పెట్టె మూడు కిలోల రెండు వందలంది.

"ఇది అంచనాయే కదా పెద్దమ్మా. పెట్టె తప్పైతే?"

"కావచ్చు" అన్నాను.

"ఎండలోకి తోలితే మాత్రం చస్తారు. దానికి అంచనా అక్కర్లేదు" అన్నాడు.

వాన లేని రోజు 3203

ఎగువ వరస పెద్ద అరలో అందరినీ పోగుచేశాడు. నన్నే చెప్పమన్నాడు. చెప్పాను. రెండుసార్లు గట్టిగా చెప్పమన్నారు.

వెనకనుంచి ఒకాయన, "ఎనిమిదేళ్ళు మమ్మల్ని బొంద తవ్వి అందులో పడుకోబెట్టావా?" అని అరిచాడు. ఇంకొకాయన, ఆమెకి మతి తప్పింది, కట్లు బాగానే ఉన్నాయన్నాడు. ఆ గోలలో ఏసోబు చెయ్యి ఎత్తాడు. అతన్ని మంచంతోనే మోసుకొచ్చారు.

"నాసరమ్మా, నా కూతురు పురిటికి తాగింది కూడా ఆ నీళ్ళేనా?"

"అవును."

"అందుకేనా దానికంత నోరు!"

జనం నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు. తండ్రి పక్కన నిలబడి నా వంకే చూస్తోంది. గొంతు పెంచకుండా, "వాన పడ్డాక గోడ కదలడానికి ఎన్ని గంటలు పడుతుంది?" అంది.

"బీటల్లోంచి నీళ్ళు నేరుగా దిగుతాయి. ఒక పూట కావచ్చు, రెండు రోజులు కావచ్చు. వాన మొదలయ్యాక మాత్రం కదల్లేం. ఆ గాలికి పైన ఎవరూ నిలబడలేరు."

అప్పుడు, మరి ఎక్కడికి పోవాలని అడగడం మొదలుపెట్టారు. ఎగువ వరసలో గాలి గొట్టాలు ఇంకో పద్నాలుగు మందికే చాలుతాయని సువార్తమ్మే చెప్పింది. మిగతా ఇరవై ఏడు మంది రెండు కోసుల అవతల పాత నాపరాయి క్వారీకి పోవాలి. రాయి ఉబ్బదు. అక్కడ తొలిచిన గుహల్లాంటివి ఉన్నాయి, కానీ చల్లగాలి లేదు. వాన వచ్చేదాకా ఎండని ఓర్చుకోవాలి.

పద్నాలుగు మందిలో చంటిబిడ్డలు, తల్లులు, ముసలివాళ్ళు. ఏసోబు పేరు మొదట రాశారు. ఆయన కొట్టెయ్యమన్నాడు.

"నేను ఆ క్వారీలోనే పెరిగాను. రాయి నాకు పరుపు. ఆ చోటు గురవమ్మకివ్వండి, ఆమె మోకాళ్ళతో రెండు కోసులు ఏం నడుస్తుంది?"

గురవమ్మ, నేను నా అర వదలనని మంకుపట్టు పట్టింది. "వదలకపోతే నిన్ను మంచానికి కట్టి మోస్తారు, అది ఇంకా సిగ్గు" అని ఏసోబు కసిరితే తల వంచుకుంది.

నేను క్వారీకే వస్తానన్నాను.

వాన లేని రోజు 3205

తెల్లారకముందే కదలాల్సిన తోపుడు బండ్లు తెల్లారాక కదిలాయి. ఎగువ వరసలో గాలి గొట్టాలు సరిచేసేసరికి గంట ఆలస్యమైంది. ఆ గంట మమ్మల్ని కాల్చేసింది. చివరి బండి క్వారీలోకి దిగేసరికి పొద్దు నెత్తిమీదికి వస్తోంది. గుడ్డలు చౌడు నీళ్ళలో ముంచి తలలకి చుట్టాం. ఏసోబు బండి నేనూ సువార్తమ్మా తోశాం. దారి పొడుగునా ఆమె నాతో ఒక్క మాట అనలేదు. ఆయనే మాట్లాడాడు. ఏ రాయి ఏ ఏడు కొట్టాడో చెప్పాడు.

మధ్యాహ్నానికి గుహలో యాభై డిగ్రీలు. మేఘం జాడ లేదు.

వాన లేని రోజు 3206

ఏసోబు పోయాడు. పదకొండు గంటలప్పుడు. ఎండదెబ్బ.

పొద్దున బాగానే ఉన్నాడు. రాయి మీద చెంప ఆనించి చల్లగా ఉందన్నాడు. రాయి చల్లగా లేదు. నా వాటా నీళ్ళు నోట్లో పోస్తే మూతి పక్కకి తిప్పుకున్నాడు. "బాలింతలకిచ్చుకో" అన్నాడు. అది నవ్వులాటకన్నాడో, నిజంగా అన్నాడో నాకు తెలియలేదు. తర్వాత మాట లేదు.

సువార్తమ్మ ఏడవలేదు. గుడ్డతో తండ్రి మొహం తుడుస్తూనే కూర్చుంది.

సాయంత్రానికి తూర్పున నల్లగా గీతలా కనిపించింది.

వాన మొదటి రోజు

రాత్రంతా ఉరిమి పొద్దున పడింది. చిన్నపిల్లలు భయపడి ఏడ్చారు. పెద్దవాళ్ళు గుహల గుమ్మాల్లో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. అంత తీపి నీళ్ళు నేలమీద పారుతుంటే ఎవరికీ అద్దుకోవడం కూడా తోచలేదు. నేను లోపలే కూర్చున్నాను, ఏసోబుని పడుకోబెట్టిన చోట.

వాన మూడో రోజు

ఒక మాట రాయాలి. రాయకపోతే ఇది నన్ను తినేస్తుంది.

కట్లు విరగాలని కోరుకుంటున్నాను. గోడలు మూసుకుపోవాలని కోరుకుంటున్నాను. అవి నిలబడి ఉంటే, ఏసోబుని ఊరికే ఎండలోకి తోసుకొచ్చి చంపినట్టు. విరిగితే, ఎనిమిదేళ్ళు నలభై మందిని వాటి కింద పడుకోబెట్టినట్టు. ఇన్నేళ్ళూ గోడ ఆగితే చాలు దేవుడా అని మొక్కినదాన్ని. ఇప్పుడు పడిపోతే చాలని మొక్కుతున్నాను. నలభై ఒక్క మంది ఇళ్ళవి. నా చెల్లెలు పేనిన తాళ్ళన్నీ అందులోనే ఉన్నాయి.

వాన ఆగిన రెండో రోజు

జాన్‌సైదా దీపం పట్టుకుని ముందు, నేనూ సువార్తమ్మా వెనక దిగాం. దిగువ వరసలోకి దిగే మూత తెరుచుకోలేదు, రంపంతో కోశారు. నడవాలో సగం దాకానే పోగలిగాం. కట్లు లోపలికి మడతలు పడిపోయాయి, పిసికిన రేకు డబ్బాల్లాగా. మూడో అర తలుపు నడిమికి విరిగి ఉంది. అయిదో అర పూర్తిగా లేదు, అక్కడ మట్టే ఉంది, నిగనిగా మెరుస్తోంది. వేలు పెడితే వెన్నలా దిగింది.

హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నామీద నాకే అసహ్యం వేసింది.

ఏడో అర గుమ్మం దగ్గర గోడకీ గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది. సువార్తమ్మ మోచేతి దాకా చెయ్యి దూర్చి తడిమింది. మంచం కోడు ముక్క ఒకటి చేతికి వచ్చింది. దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుంది.

"మా అయ్య ఇక్కడే ఉండుంటే?"

"బతికేవాడు కాదమ్మా."

"ఊఁ" అంది. "నీ పుస్తకంలో మా అయ్య గురించి ఏం రాశావు?"

"ఎండదెబ్బ అని."

"కొట్టెయ్యి."

"మరి ఏమని రాయను?"

"చౌడు నీళ్ళని రాయి. మళ్ళీ ఎక్కడో ఒకచోట అరలు తవ్వుతాం. అప్పుడు ఎవరో ఈ పుస్తకం తీస్తారు. ఎండదెబ్బ అని ఉంటే ఎండని తిట్టుకుని మూసేస్తారు." కోడు ముక్క మీద మట్టి కొంగుతో తుడిచింది. "ఎనిమిదేళ్ళ కిందట సరిగ్గా పోసి ఉంటే ఈ వరసే తవ్వేవాళ్ళం కాదు. మా అయ్య గరుగు నేలలో తన మంచం మీద పోయేవాడు."

నేను పుస్తకం బయటికి తీశాను.

"నేనూ తాగాను అత్తా ఆ నీళ్ళు. పదకొండు రోజులు. రోజూ నువ్వు చెంబు తెచ్చేదానివి. ఎక్కడివని ఒక్కరోజు కూడా అడగలేదు. దాహంగా ఉండేది, తాగాను. అదీ రాయి."

జాన్‌సైదా దీపం కొంచెం దగ్గరగా పట్టాడు. అక్కడే కూర్చుని 3206వ రోజు పుట తీశాను. ఎండదెబ్బ అన్న మాట కొట్టేసి, పక్కన రాశాను. రాస్తుంటే సువార్తమ్మ నా భుజం మీదుగా ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది.

ఏసోబు, 78 ఏళ్ళు. చౌడు నీళ్ళ వల్ల పోయాడు. తీపి నీళ్ళు తాగింది బాలింతలు పదహారు మంది, అందులో ఆయన కూతురు. మట్టిలో చౌడు నీళ్ళు పోసింది నాసరమ్మ.